చీపురు పట్టిన కథానాయకుడు

కంప్యూటరు ఆటలలో కథానాయకులెవరో లెక్క తీస్తే మన పాత కావ్యాల నాయకుల జాబితా జ్ఞాపకం వస్తుంది. రాజులుంటారు, రాజకుమారులుంటారు, మంత్రవిద్య తెలిసినవాళ్ళుంటారు; తరవాత సైనికులు, గూఢచారులు, సముద్రపు దొంగలు. పొద్దున్నే లేచి పనికి పోయి నెల తిరిగేసరికి జీతం తెచ్చుకునే మనిషి అరుదు. నేల ఊడ్చి పొట్టపోసుకునేవాడు మరీ అరుదు. అమెరికాలో 1986 మొదలు 1995 వరకు ఆరు భాగాలుగా వెలువడిన ‘స్పేస్ క్వెస్ట్’ అనే హాస్యపు ఆటలకు నాయకుడు అటువంటివాడే. పేరు రోజర్ విల్కో. అంతరిక్ష నౌకలో స్వీపరు.

నాయకుడు పనివాడైనంతమాత్రాన ఆట పనివాడి పక్షాన ఉన్నదని నేననను. మన కథలలో, నాటకాలలో, సినిమాలలో పనివాణ్ణి నాయకుణ్ణి చేసి అతని చేత జమీందారు బుద్ధులు పలికించినవి ఎన్నో చూశాం. ఈ ఆటల చరిత్ర చెప్పుకోదగిందని నాకు తోచడానికి కారణం వేరే ఉన్నది. ఆటలోని కథ, ఆటను తయారుచేసినవాళ్ళ కథ మొదట వేరువేరుగా నడిచి, మధ్యలో ఒకచోట కలుసుకున్నాయి. కలుసుకున్నచోట హాస్యం చాలా నిజం చెప్పింది. ఆ తరవాత తాను చెప్పిన నిజాన్ని చూసి తానే బెదిరినట్టు వెనక్కు తగ్గింది.

ఈ ఆటల పరిచయం లేని పాఠకుల కోసం ఆడే పద్ధతి చెబుతాను. తెర మీద ఒక బొమ్మ, అందులో మనిషి. దారిలో దొరికిన వస్తువులు జేబులో వేసుకోవడం, వాటిని సమయానికి వాడడం, చిక్కుముడి విప్పి ముందుకు పోవడం, ఇదే ఆట. చేతివేగం కంటే బుర్రకే పని ఎక్కువ. మొదట్లో మనిషి చేత ఏం చేయించాలన్నా ‘తలుపు తెరువు’, ‘కాగితం చూడు’ అని ఇంగ్లీషులో టైపు కొట్టాలి. తరవాత మౌజు వచ్చింది. తెర మీద కన్ను గుర్తు, చెయ్యి గుర్తు, నోటి గుర్తు ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకొని బొమ్మలో కావలసినచోట నొక్కితే చాలు. వీటినే పాయింట్ అండ్ క్లిక్ ఆటలు అంటారు. 1991లో వచ్చిన నాలుగో భాగంతో స్పేస్ క్వెస్ట్ ఈ పద్ధతికి మారింది. మిగిలినవాళ్ళు కన్నూ చెయ్యీ పెట్టుకుంటే వీళ్ళు అదనంగా ముక్కు గుర్తూ, నాలుక గుర్తూ కూడా పెట్టారు. గోడను వాసన చూడవచ్చు, యంత్రాన్ని నాకవచ్చు. ఏది నాకినా దానికి తగ్గ వెక్కిరింపు సిద్ధంగా ఉంటుంది.

ఈ ఆటలను వెలువరించింది సియెర్రా ఆన్‌లైన్ అనే కంపెనీ. కెన్ విలియమ్స్, రాబర్టా విలియమ్స్ అనే దంపతులు 1979లో ఆన్‌లైన్ సిస్టమ్స్ అన్న పేరుతో దీన్ని స్థాపించారు. కథ చెప్పే ఆటలకు బొమ్మలు చేర్చి 1980లో ‘మిస్టరీ హౌస్’ విడుదల చేశారు. తరవాత కాలిఫోర్నియాలో యోసెమిటీ కొండల దాపున ఉన్న కోర్స్‌గోల్డ్, ఓక్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళకు మకాం మార్చారు. 1984లో వచ్చిన ‘కింగ్స్ క్వెస్ట్’తో కంపెనీ పేరు మారుమోగింది. పేరులోనే ఉన్నట్టు అది రాజుల కథ. రాకుమార్తెలు, మాంత్రికులు, పోగొట్టుకున్న నిధులు, అన్నీ ఉన్నాయి.

ఆ కంపెనీలోనే మార్క్ క్రో బొమ్మలు వేసేవాడు, స్కాట్ మర్ఫీ ప్రోగ్రాములు రాసేవాడు. ఇద్దరూ ‘బ్లాక్ కాల్డ్రన్’ అనే ఆటకు కలిసి పనిచేశారు. అదీ రాజులు, మాంత్రికుల బాపతే. రోజూ కోటలు, కిరీటాలు తయారుచేసి విసుగెత్తిన పనివాళ్ళకు కోటలో నేల ఊడ్చేవాడు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కొన్ని దృశ్యాలు తయారుచేసి యజమానికి చూపించారు, ఆయన సరేనన్నాడు. 1986 అక్టోబరులో మొదటి స్పేస్ క్వెస్ట్ వెలువడింది.

నాయకుడి పేరులోనే హాస్యమున్నది. రేడియోలో మాట్లాడుకునే సైనికుల పరిభాషలో ‘రోజర్’ అంటే విన్నాను అని, ‘విల్కో’ అంటే చెప్పినట్టు చేస్తాను అని. రెండూ కలిపితే మన జమీందారీ కచేరీలలో వినిపించిన ‘చిత్తం దొరా, అలాగే దొరా’ అవుతుంది. ఈ చిత్తం దొర పనిచేసేది ‘ఆర్కాడా’ అనే నౌకలో. ఆరిపోతున్న సూర్యుడికి బదులు కొత్త సూర్యుణ్ణి తయారుచేసే యంత్రం ఆ నౌకలో ఉన్నది. శత్రువులు వచ్చి నౌకలో అందరినీ చంపి యంత్రాన్ని ఎత్తుకుపోతారు. రోజర్ ఒక్కడే బతుకుతాడు. ఎందుకు బతికాడూ అంటే, పని ఎగ్గొట్టి చీపుర్లు పెట్టే గదిలో నిద్రపోతున్నాడు కనుక! పనిదొంగతనం ప్రాణం నిలిపింది. యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రజ్ఞులు, నౌకను నడిపిన అధికారులు చచ్చిపోగా, లోకాన్ని రక్షించే భారం చీపురు పట్టినవాడి మీద పడింది. చివర అతను యంత్రాన్ని శత్రువుల నౌకతో సహా నాశనం చేస్తాడు. సొంత గ్రహంవాళ్ళు పెద్ద సభ చేసి బహుమానంగా బంగారు మాపు ఇస్తారు. నేల తుడిచే మాపే, బంగారంతో చేసింది! లోకాన్ని రక్షించినా నీ పని నీదే అన్నమాట. సన్మానాల స్వరూపం తెలిసినవాళ్ళు రాసిన ముగింపు అది.

నేను ఈ ఆట చూసింది 1994లో. కోస్తాలో ఒక కాలేజీలో చరిత్ర చెబుతూ, సాయంత్రాలు ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రానికి పోయేవాణ్ణి. అక్కడ చేతులు మారి మారి వచ్చిన ఫ్లాపీలలో మొదటి భాగం ఉండేది, 1991లో మౌజుకు అనువుగా తిరిగి తయారుచేసిన ప్రతి. అది దొంగ ప్రతి అని వేరే చెప్పనక్కరలేదు. కళాకారుల శ్రమను గురించి రాయబోతున్నవాణ్ణి కనుక ఈ మాట ముందే ఒప్పుకుంటున్నాను. నలుగురం ఒక యంత్రం ముందు మూగి ఆడేవాళ్ళం. ఆ గది ఊడ్చే ఆవిడ రోజూ చీపురు పట్టుకొని మేం లేచేదాకా కాచుకునేది. ఒకనాడు, “ఏమిటి బాబూ ఆ బొమ్మ?” అని అడిగింది. ఊడ్చేవాడి కథమ్మా, వాడే ఇందులో హీరో అని మాలో ఒకడు గొప్పగా చెప్పాడు. ఆవిడ కాసేపు నిలబడి చూసింది. “ఊడ్చేవాడంటారు, నాలుగు రోజులబట్టి చూస్తున్నా, ఒక్కనాడైనా ఊడ్చింది లేదు. లేవండి బాబూ, నేను ఊడ్చుకోవాలి” అన్నది.

మేం నవ్వి లేచాం. నా మట్టుకు నాకు ఈ ఆటల మీద అంతకంటే మంచి విమర్శ మరెక్కడా దొరకలేదు. తరవాతి భాగాలు దొరికినప్పుడల్లా నేను చూసింది ఆ ఒక్క విషయమే. ఇతను ఎక్కడెక్కడ పనిచేస్తాడు? మొదటి భాగంలో ఎక్కడా చెయ్యడు. అతని వృత్తి అక్కడ ఒక హాస్యపు గుర్తు మాత్రమే, బహురూపి పెట్టుకున్న టోపీలాగా. అంత తక్కువవాడు ఇంత ఘనకార్యం చేశాడన్న వైరుధ్యంలోంచి నవ్వు పుడుతుంది. ఆ నవ్వు కొంత అధికారుల మీద, కొంత అతని మీద కూడా.

ఇక్కడ చావులను గురించి ఒక మాట. సియెర్రా ఆటలలో నాయకుడు అడుగడుగునా చస్తాడు. కాలు జారి చస్తాడు, తినరానిది తిని చస్తాడు, యంత్రం కింద నలిగి చస్తాడు. చచ్చిన ప్రతిసారీ తెర మీద ఒక ఎగతాళి వాక్యం ప్రత్యక్షమవుతుంది. అవి చదవడానికే పనిగట్టుకొని రోజర్‌ను చంపినవాళ్ళున్నారు. నేనూ చంపాను. పోటీ కంపెనీ అయిన లూకాస్‌ఫిల్మ్ వాళ్ళు 1990లో వచ్చిన తమ ‘మంకీ ఐలండ్’లో నాయకుణ్ణి కొండ మీంచి పడవేసి, సియెర్రా ధోరణిలో చావు ప్రకటన చూపించి, మరుక్షణం అతన్ని పైకి ఎగిరేలా చేసి ఈ పద్ధతిని గేలిచేశారు. తమ ఆటలో మనిషి అంత తేలికగా చావడని వాళ్ళ భావం. సరసమైన ఎగతాళే. అయితే రాజకుమారుడి చావుకూ పనివాడి చావుకూ తేడా ఉన్నది. పనిచేసే చోట పనివాడి ప్రాణం చవక. ఆ చవకతనం స్పేస్ క్వెస్ట్‌లో నవ్వులాటగా కనిపిస్తుందేగాని అబద్ధంగా కనిపించదు.

చావుకంటే అన్యాయమైనది మరొకటి ఉండేది. మొదట్లో ఎక్కడో తీసుకోవలసిన చిన్న వస్తువు తీసుకోకపోతే, గంటలకొద్దీ ఆడిన తరవాత దారి మూసుకుపోతుంది. వెనక్కు పోయి మళ్ళీ మొదలుపెట్టాలి. కంపెనీ సూచనల పుస్తకాలు విడిగా అమ్మేది. డబ్బు తీసుకొని ఫోనులో సూచనలు చెప్పే ఏర్పాటు కూడా చేసింది. చిక్కుముడులన్నీ పుస్తకాలు అమ్ముకోవడానికే వేశారని నేననను. కాని చిక్కు ఎంత బిగిస్తే పుస్తకం అంత అమ్ముడవుతుందన్నది ఎవరైనా వేసుకోగల లెక్క. తయారుచేసినవాళ్ళు దీన్ని దాచలేదు. నాలుగో భాగంలో రోజర్ ఒక అంగడిలో చవక సరుకు పెట్టె కెలికితే నాలుగో భాగం సూచనల పుస్తకమే దొరుకుతుంది! అది కొనుక్కుంటేగాని అతని కథ ముందుకు సాగదు. కంపెనీ వ్యాపారాన్ని కంపెనీ సరుకులోనే అల్లరిపెట్టడం ఈ ఇద్దరికీ అలవాటు.

1987లో వచ్చిన రెండో భాగం మొదలయ్యేసరికి రోజర్ కీర్తి అంతా ఆవిరైపోయింది. అంతరిక్ష స్టేషను బయట చీపురుతో ఊడుస్తూ మనకు కనిపిస్తాడు. మా ల్యాబులోని ఆవిడ చూసివుంటే కొంత శాంతించేదేమో! వోహాల్ అనే దుష్టుడు అతన్ని పట్టించి వెట్టిచాకిరీకి గనులకు పంపబోతాడు. వోహాల్ కుట్ర ఏమిటంటే, ఒకే అచ్చులో పోసిన జీవితబీమా ఏజెంట్లను తండోపతండాలుగా రోజర్ గ్రహం మీదికి వదలడం. వాళ్ళు ఇంటింటికీ వచ్చి తలుపు తడతారు. సరుకు అంటగట్టేవాడి నుంచి తప్పించుకోలేని సమాజాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం. మిగతా ఆటలో చాలా భాగం అడవిలో తిరగడమే. ఎక్కువ చెప్పడానికేమీ లేదు.

మూడో భాగం ‘పైరేట్స్ ఆఫ్ పెస్టులాన్’, 1989. నా దృష్టిలో ఈ ఆటల చరిత్రంతా దీని చుట్టూ తిరుగుతుంది.

రోజర్ చెత్త మోసే నౌకలో పడి కొట్టుకుపోతుంటాడు. ఆ చెత్తలోంచే ముక్కలు ఏరి ఒక చిన్న నౌకను బాగుచేసుకొని బయటపడతాడు. ఉచితమని చెప్పి పంపిన ఈలకు డబ్బు కట్టలేదని ఒక కంపెనీ అతని మీదికి హంతక యంత్రాన్ని పంపుతుంది. బాకీ వసూలు కోసం మనిషిని చంపేస్తే బాకీ ఎవరు తీరుస్తారన్న ప్రశ్న ఆ యంత్రానికి రాదు. తరవాత అతను దారిపక్క బర్గర్ల అంగడిలో ఆగుతాడు. అక్కడ ‘ఆస్ట్రో చికెన్’ అని నాణెం వేసి ఆడే ఆట ఉన్నది. కోడిని భూమి మీదికి దించే శుద్ధ పనికిమాలిన ఆట. దాన్ని ఓపికగా ఆడి గెలిస్తే గుప్తలిపిలో ఒక సందేశం బయటపడుతుంది. ‘ఆండ్రోమెడా నుంచి వచ్చిన ఇద్దరు’ పంపిన మొర అది. స్కమ్‌సాఫ్ట్ అనే కంపెనీ తమను పెస్టులాన్ అనే ఉపగ్రహంలో బంధించి చెత్త ఆటలు తయారుచేయిస్తున్నదనీ, ఎవరైనా వచ్చి విడిపించమనీ.

ఆండ్రోమెడా ఇద్దరు ఎవరు? మార్క్ క్రో, స్కాట్ మర్ఫీలు తమకు తాము పెట్టుకున్న మారుపేరే అది. పందిముక్కులు తగిలించుకొని గ్రహాంతరవాసుల వేషంలో ఫోటోలు కూడా దిగారు. తమ ఆటలో తామే బందీలైన ఆటల రచయితలుగా ప్రవేశించారన్నమాట.

ఆట లోపల రహస్యంగా సందేశం దాచడం ఊరికే పుట్టిన ఊహ కాదు. దీని వెనుక చరిత్ర ఉన్నది. అటారీ కంపెనీ 1970లలో ఆటల మీద ప్రోగ్రామర్ల పేరు వెయ్యనిచ్చేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామరు తాను తయారుచేసిన ‘అడ్వెంచర్’ అనే ఆటలో ఎవరికీ కనిపించని గది ఒకటి కట్టి అందులో తన పేరు దాచాడు. అతను కంపెనీ వదిలిపోయిన తరవాత ఆడేవాళ్ళు దాన్ని కనిపెట్టారు. ఇప్పుడు అటువంటి దాపరికాలను సరదాగా ‘ఈస్టర్ గుడ్లు’ అంటున్నారు. ఆ సరదా మొదలైంది పేరు దక్కని పనివాడి కసితో. ఆ అటారీలోనే 1979లో మరికొందరు ప్రోగ్రామర్లు తమ పేరూ, లాభంలో వాటా అడిగి, దొరకక బయటికి వచ్చి ఆక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఈ ఆక్టివిజన్ పేరు పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి.

సరే, రోజర్ స్కమ్‌సాఫ్ట్‌కు పోతాడు. దొంగలా ప్రవేశించి లోపల ఒక స్వీపరు బట్టలు వేసుకుంటాడు. తేనెపట్టులో గదుల్లాంటి చిన్నచిన్న అరలు, ఒక్కొక్క అరలో ఒక ప్రోగ్రామరు. రోజర్ ఒక్కొక్క అరకూ పోయి చెత్తబుట్టలు ఖాళీ చేస్తాడు. ఎవరూ తలెత్తి చూడరు. చెత్త తీసేవాడి మొహం ఎవరు చూస్తారు? ఆయుధం గెలవలేనిచోట ఆ బట్టలు గెలుస్తాయి. యజమాని గదిలోకి కూడా అలాగే పోతాడు, తలుపు తెరిచే కార్డు తీసుకుంటాడు, యజమాని పటానికి నకలు తీసుకొని మొహం చూసి తలుపు తెరిచే యంత్రాన్ని మోసగిస్తాడు. మిగతా భాగాలలో వేళాకోళపు గుర్తుగా ఉన్న చీపురు ఇక్కడ కథకు ఇరుసైంది. చెత్త ఊడ్చేవాడు, ఆటలు రాసేవాడు ఒకే కప్పు కింద పనివాళ్ళని నలభై చెత్తబుట్టల హాస్యం చెప్పకనే చెప్పింది. (నలభై అని నోటికి వచ్చిన లెక్క. విసుగు పుట్టేటన్ని అని అర్థం.)

బందీలను జెల్లీలో ముంచి నిలవబెట్టి ఉంటారు. రోజర్ వాళ్ళను విడిపించి, యుద్ధం చేసి, నౌకలో ఎక్కించుకొని బయటపడతాడు. నౌక దారితప్పి భూమి మీద, కాలిఫోర్నియా కొండల్లో, సియెర్రా కంపెనీ ముందర దిగుతుంది. కెన్ విలియమ్స్ బయటికి వచ్చి ఆ ఇద్దరినీ ఉద్యోగంలో చేర్చుకుంటాడు. రోజర్ తన దారిన తాను పోతాడు.

నేను ఇక్కడ ఆగాను. చెడ్డ యజమాని చెరలోంచి విడిపించిన కళాకారులను మంచి యజమాని ఇంటి ముందు దింపి దాన్ని విముక్తి అనడమా? చెర మారింది, దొర మారాడు, పని అదే. ఇది కంపెనీ యజమానిని మెప్పించే ముగింపు అని ఒక మిత్రుడు కొట్టిపారేశాడు. నాకు అంత తేలికగా తోచదు. యజమానిని అతని ఎదుటే ఆటపట్టించే చనువు ఆ రోజులలో ఆ కొండ ఊళ్ళో ఉన్నమాట నిజం. ఆట చివర అతన్ని బొమ్మగా గీసి నిలబెట్టగలగడమే అందుకు సాక్ష్యం. అయితే ఆ చనువు యజమాని దయ మీద ఆధారపడినది. రాసిన కథ మీద, పుట్టించిన పాత్ర మీద హక్కు కంపెనీదే. చనువు ఉన్నంతకాలం ఆ సంగతి పైకి కనపడదు. క్రో, మర్ఫీలకు ఆ సంగతి తెలియదనుకోను. తెలియకపోతే పెస్టులాన్ కథ తట్టేదే కాదు. తెలిసి దానికి ఇంతకంటే వేరే ముగింపు ఊహించలేకపోయారు.

మూడో భాగానికీ నాలుగో భాగానికీ మధ్య, 1990 జూన్ 15న, అదే కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్‌లోని సెంచురీ సిటీలో నిజమైన స్వీపర్లు సమ్మె ఊరేగింపు తీశారు. ఆకాశమంత భవనాలలో రాత్రిపూట నేలలు తుడిచేవాళ్ళు, చాలామంది మెక్సికో నుంచి, మధ్య అమెరికా దేశాల నుంచి పొట్టచేత పట్టుకొని వచ్చినవాళ్ళు. ‘స్వీపర్లకు న్యాయం’ అన్న నినాదంతో నడిచిన ఉద్యమం అది. పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. తరవాత కార్మికులు ఒప్పందం సాధించారు. స్పేస్ క్వెస్ట్‌లో ఆ ఊసు లేదు. ఉండాలని శాసించడానికి నాకు హక్కు లేదు. కాని రోజర్ విల్కో తెల్లవాడు కావడం, అతని పక్కన మరొక స్వీపరు ఎన్నడూ లేకపోవడం గమనించదగినవి. అతను ఒంటరి కనుకనే నవ్వు తేలిక. ఇద్దరు స్వీపర్లుంటే మాట్లాడుకునేవారు. మన దేశంలోనైతే ఈ హాస్యం ఇంకా కష్టం. ఇక్కడ ఆ పని పుట్టుకను బట్టి కొందరి నెత్తిన రుద్దినది. పాకీపనిని నిషేధించే చట్టం రావడానికే 1993 అయింది. ఆ సాయంత్రం మేం నలుగురం నవ్విన నవ్వులో అజ్ఞానం పాలు ఎంతో నేనిప్పుడు ఒప్పుకోగలను.

నాలుగో భాగం ‘టైమ్ రిప్పర్స్’ అన్నిటికంటే తెలివైనది. రోజర్‌ను ‘సీక్వెల్ పోలీసులు’ తరుముతారు. అతను కాలంలో ముందుకూ వెనక్కూ పారిపోయి, ఇంకా తయారుకాని పన్నెండో భాగంలోకి, పదో భాగంలోకి, పాత మొదటి భాగంలోకి వెళ్ళి పడతాడు. లాభం తెచ్చిన సరుకును ఆపకుండా తియ్యాలన్న వ్యాపార ధర్మమే ఆ పోలీసు. పన్నెండు దాకా వస్తాయని ఎగతాళి చేసినవాళ్ళకు ఆరింటితోనే సరిపోయింది. ఇందులోనూ రోజర్ ఒకచోట పని చేస్తాడు. బర్గర్ల అంగడిలో కన్వేయరు బెల్టు ముందు నిలబడి రొట్టె, కూర, పచ్చడి పేర్చాలి. బర్గరుకు ఇంతని కూలి. బెల్టు వేగం పెరుగుతూ పోతుంది. చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చాప్లిన్‌ను తెర మీద చూసి నవ్వాం. ఇక్కడ ఆ బెల్టు ముందు మన చేతులే ఉంటాయి. కాసేపటికి నవ్వు ఆగి చెయ్యి నొప్పి పుడుతుంది. ఆట అనే ప్రక్రియకు మాత్రమే సాధ్యమైన విమర్శ ఇది.

ఆ తరవాత ఇద్దరూ విడిపోయారు. క్రో ఓరెగాన్‌లో ఉన్న డైనమిక్స్ అనే అనుబంధ సంస్థకు పోయి, 1993లో ఐదో భాగం అక్కడ తయారుచేశాడు. రోజర్ పరీక్షలో కాపీ కొట్టి నౌకాధిపతి అవుతాడు. నౌక మాత్రం చెత్త ఎత్తేదే. ఒక కంపెనీ గ్రహాల మీద రహస్యంగా పోసిన విషపదార్థం వల్ల జబ్బు పుట్టిందని చెత్త ఎత్తేవాడే కనుక్కోవడం మంచి ఊహ. ఆరోది 1995లో వచ్చింది. జోష్ మాండెల్ రూపకల్పన చేసి మధ్యలోనే కంపెనీ విడిచాడు, మర్ఫీ వచ్చి పూర్తిచేశాడు. అందులో రోజర్ పదవి ఊడి మళ్ళీ స్వీపరు, అదీ రెండో తరగతి స్వీపరు. అతుకులు తెలుస్తూనే ఉంటాయి. ఏడో భాగం పని మొదలై రద్దయింది.

ఎందుకు రద్దయిందో తెలియాలంటే ఆట వదిలి లెక్కల పుస్తకాలు చూడాలి. 1993లోనే కంపెనీ ప్రధాన కార్యాలయం కొండ దిగి వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్వ్యూకు పోయింది. 1996లో సియెర్రాను సి.యు.సి. ఇంటర్నేషనల్ అనే సంస్థకు సుమారు 100 కోట్ల డాలర్ల విలువగల షేర్లకు మార్చి అమ్మేశారు. సి.యు.సి. వ్యాపారం చందాదారులకు రాయితీ మీద సరుకులు ఇప్పించడం. ఆటలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. 1997 చివర అది మరో కంపెనీతో కలిసి సెండెంట్ అయింది. 1998 ఏప్రిల్‌లో సి.యు.సి. ఏళ్ళ తరబడి దొంగ లెక్కలు రాసి లేని లాభాలు చూపించిందని బయటపడింది. ఒక్కరోజులో షేరు విలువ దాదాపు సగం పడిపోయి 1,400 కోట్ల డాలర్లు గాలిలో కలిశాయి. దాని అధిపతి వాల్టర్ ఫోర్బ్స్‌కు 2007లో పన్నెండేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. జీవితబీమా ఏజెంట్ల దండయాత్రను ఊహించినవాళ్ళు కూడా రాయితీ చీటీల వ్యాపారి వచ్చి తమ ఊరు మింగుతాడని ఊహించలేదు.

ఆటల విభాగాన్ని ఫ్రాన్సుకు చెందిన హావాస్ కొన్నది. 1999 ఫిబ్రవరి 22, సోమవారం, ఓక్‌హర్స్ట్ స్టూడియోను దాదాపుగా మూసేశారు. బొమ్మలు వేసేవాళ్ళు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు, సంగీతం కట్టేవాళ్ళు ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. అక్కడివాళ్ళు ఆ రోజును రంపపు సోమవారం అని చెప్పుకుంటారు. రోజర్ ఆ ఇద్దరినీ తెచ్చి దింపిన ఊరు అదే. దొర మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్నకు అప్పటికి అర్థమే పోయింది. దొర మొహమే లేదు. హావాస్ వెనుక వివెండీ, దూరాన పారిస్‌లో.

2008లో వివెండీ ఆటల వ్యాపారం ఆక్టివిజన్‌తో కలిసింది. జ్ఞాపకముంచుకోమన్న పేరు ఇదే. పేరు కోసం, వాటా కోసం యజమానిని కాదని వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో పెట్టుకున్న కంపెనీ. అప్పటికి ఆ స్థాపకులెవరూ దాన్ని నడపడం లేదు. ఆక్టివిజన్ చేతికి రోజర్ విల్కో వచ్చాడు. అది అతని చేత ఏ కొత్త ఆటా ఆడించలేదు. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సుమారు 6,900 కోట్ల డాలర్లకు ఆక్టివిజన్‌ను కొన్నది. కొన్న సామానులో ఎక్కడో మూల రోజర్ కూడా ఉన్నాడు, చీపుర్ల గదిలో ఉన్నట్టు. ఈలోగా అతన్ని బతికించింది అభిమానులు. జీతం లేకుండా, అమ్ముకునే ఆశ లేకుండా, రాత్రులు కూర్చొని వాళ్ళు కొత్త భాగాలు తయారుచేసి ఊరికే పంచిపెట్టారు.

2012లో క్రో, మర్ఫీ మళ్ళీ కలిశారు. ఏ కంపెనీనీ అడగకుండా కిక్‌స్టార్టర్ ద్వారా పాత ఆటగాళ్ళనే చందాలు అడిగితే 5 లక్షల డాలర్లకు పైగా వసూలైంది. మరుసటి సంవత్సరం ఇస్తామన్న ఆట పూర్తయి రావడానికి 2022 అయింది. పదేళ్ళు. చందాలిచ్చినవాళ్ళలో చాలామంది విసుక్కున్నారు, తిట్టినవాళ్ళున్నారు. తిట్టినవాళ్ళది తప్పని నేననలేను. యజమాని లేకపోవడం వేరు, తిండికీ జీతాలకూ ఏర్పాటు ఉండడం వేరు. ఆట పేరు ‘స్పేస్ వెంచర్’. రోజర్ విల్కో పేరు వాడుకునే హక్కు అతన్ని పుట్టించినవాళ్ళకు లేదు కనుక కొత్త నాయకుణ్ణి పెట్టుకున్నారు. ఏస్ హార్డ్‌వే అని పేరు. అతను అంతరిక్షంలో ప్లంబరు.